నీరటి జానయ్య నడిచిన గీత

రంగసాని చెరువులోకి సరిగ్గా నీళ్లు రాక ఏళ్లు గడిచినా, కొండ్రేములలో జానయ్యను ఇంకా నీరటి జానయ్య అనే అంటారు. అనేవాళ్లలో సగం మందికి ఆ మాటకు అర్థం తెలియదు. ఇంటిపేరు అనుకుంటారు. కొత్త కాలనీల్లో దిగిన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులైతే ఆయన్ను చెరువు కట్ట మీద కూర్చునే ముసలాయన అని మాత్రమే ఎరుగుదురు.

నీరటి అంటే చెరువు నీళ్లకు కాపరి. తూము ఎప్పుడు లేపాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, ఎవరి వంతు ఎప్పుడు ముగిసింది, అన్నీ ఆయన నోటిమాట మీదే నడిచేవి. పార భుజాన వేసుకుని నీరటి గట్టు మీద నిలబడితే ఎంత పెద్ద పటేలైనా వంతు దాటి ఒక చెంబెడు నీళ్లు మళ్లించుకునేవాడు కాదు. కోతలప్పుడు కల్లం దగ్గర అందరూ ఆయనకు మేర అని వడ్లు కొలిచి పోసేవారు. జానయ్య తాత నీరటి, తండ్రి నీరటి. జానయ్యకు బడి రెండో తరగతితోనే ఒడిసిపోయింది కానీ చెరువు మాత్రం ఒంటబట్టింది. కట్ట మీద నిలబడి తూము ఎన్ని మెట్లు మునిగిందో చూస్తే చాలు, ఆ నీళ్లు ఎన్ని ఎకరాలను గట్టెక్కిస్తాయో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు.

వీటన్నిటికంటే పెద్ద పని ఏడాదికొకసారి వచ్చేది. మిరుగు కార్తెలో మొదటి వాన పడ్డాక నీరటి కాలువ నడవాలి. బోడగుట్ట మీద పడిన వాన కట్టు కాలువలో దిగి, మైలున్నర ప్రయాణం చేసి చెరువులో పడుతుంది. నీరటి చెప్పులు విడిచి, గుట్ట కింద కాలువలో దిగి, చెరువు దాకా అందులోనే నడిచి రావాలి. మధ్యలో గట్టెక్కకూడదు, పక్కకు తిరగకూడదు. దారిలో ఎవరి కంచె అడ్డం వచ్చినా, ఎవరి గడ్డివామి అడ్డం వచ్చినా, దాని మీద పారతో ఒక్క దెబ్బ వేసి ముందుకు పోవాలి. ఒక్కటే. దెబ్బ పడిన అడ్డాన్ని పొద్దుగూకేలోగా దాని యజమానే తీసేయాలి. ఎందుకు, ఎట్లా అని ఎవరూ అడిగేవారు కాదు. కోర్టు లేదు, కాగితం లేదు. ఆ పార దెబ్బే తీర్పు.

తర్వాత బోర్లొచ్చాయి. పొలాలు చెరువును మరిచాయి. దేవరకొండ రోడ్డు వెడల్పయింది, దాని వెంట ఊరు ఉబ్బింది. తెలంగాణ వచ్చిన మరుసటేడు చెరువులోకి జేసీబీలు దిగి పూడిక తీశాయి. నల్లమట్టి ట్రాక్టర్లకెక్కి పోతుంటే జానయ్య పెళ్లిలో పెద్దమనిషిలా అటూ ఇటూ తిరిగాడు. చెరువు లోతయింది. అయితే అందులోకి నీళ్లొచ్చే దారిని ఎవరూ చూడలేదు. అప్పటికే కాలువ పొడవునా ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి. కాలువ నట్టనడుమ మాజీ సర్పంచ్ రామచంద్రయ్య ఫంక్షన్ హాలు లేస్తోంది. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. ఊరికి పట్నం అన్న పేరొచ్చింది, నీళ్లు మాత్రం ట్యాంకర్లలో రావడం మొదలైంది.

ఇక్కడ జానయ్య చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఆయన దాన్ని ఎవరి దగ్గరా దాచలేదు, కాబట్టి మనమూ దాచనక్కర్లేదు.

ఆయన బిడ్డ నాగరాణి. అల్లుడు మల్లేశ్ ట్యాంకర్ డ్రైవర్. దూరపు వ్యవసాయ బోర్ల నుంచి నీళ్లు నింపుకొచ్చి కాలనీల్లో పోస్తాడు. కిరాయి ఇళ్లు మారి మారి విసిగిన ఆ మొగుడూపెళ్లాలు 2016లో ఒక చిన్న జాగా చూశారు. చవకగా వస్తోంది. చవక ఎందుకంటే అది కట్టు కాలువలో ఉంది. అమ్మేవాడికి తెలుసు, జానయ్యకు ఇంకా బాగా తెలుసు. నాగరాణి తండ్రిని వెంటబెట్టుకుపోయి అక్కడ నిలబెట్టింది.

"నాయినా, నీకంటె ఎరికైనోడు ఎవ్వడు లేడు. కొనమంటవా, వద్దంటవా?"

జానయ్య కాలి బొటనవేలితో మట్టి గీరాడు. కింద సన్నని ఒండ్రు తగిలింది. కాలువ అడుగు అది. ఆయన పైకి చూశాడు. గుట్ట వైపు అడుగడుగునా గోడలే. ఈ కాలువలో ఇక నీళ్లు నడవవు అనుకున్నాడు. చెరువు మీద ఆయనకున్న ఆశ అప్పటికే చచ్చిపోయింది. బిడ్డ ముఖంలో ఆశ మాత్రం కళ్లెదుట ఉంది.

"కట్టుకో బిడ్డా. నీళ్లు రావు తియ్" అన్నాడు.

నోటరీ కాగితం మీద జాగా కొన్నారు. రెండు గదులు వేశారు, ముందొకటి వెనకొకటి. నాగరాణి పుట్టింటి చెక్కతోనే గడప చేయించి, పసుపు రాసి, బొట్లు పెట్టుకుంది.

2020 అక్టోబరులో నీళ్లొచ్చాయి. మూడు రోజుల వాన గోడల సందుల్లో, గేట్ల కింద, గల్లీల్లో తనకు తెలిసిన దారినే దిగి, పట్టపగలు నాగరాణి ఇంట్లో నడుమెత్తున నిలబడింది. ఫ్రిజ్ తేలింది. నాగరాణి చిన్న కూతురు పూజను మంచం మీద మంచం వేసి కూర్చోబెట్టారు. చెరువులో చేరాల్సిన నీళ్లు కాలనీలో మూడు రోజులు కుళ్లి, తర్వాత మోరీల పాలయ్యాయి. పది రోజులకు మల్లేశ్ మళ్లీ అదే గల్లీలోకి ట్యాంకర్ తోలుకొచ్చాడు.

"నిన్న మునిగినం, ఇయ్యాల ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకొని కొట్లాడుతున్నం. మా అసొంటి తెలివైనోళ్లు దునియాల ఉండరు మామా" అని నవ్వాడు మల్లేశ్.

జానయ్య నవ్వలేదు. నీళ్లు రావు తియ్ అన్న తన మాట ఆ నడుమెత్తు నీళ్లతో పాటు ఆయన లోపలే నిలిచిపోయింది.

2022 ఎండాకాలంలో ఒక పిల్లాడు కట్ట మీదికొచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలకలాంటి ఫోన్. పేరు రిత్విక్. హైదరాబాద్‌లో ఏదో కన్సల్టెన్సీ తరఫున వచ్చాడు. మున్సిపాలిటీ వాన నీటికి పథకం వేయిస్తోంది, అది తయారుచేసేది ఇతనే.

"తాతా, మీరు నీరటి అని ఊళ్లో చెప్పారు. వాన నీళ్లు ముందు ఎటు నుంచి వచ్చేవి?"

"నీళ్లకు ముందు, గిప్పుడు అని ఉండది సారూ. గిప్పుడు గూడ గట్లనే వస్తున్నయ్. మనమే అడ్డం కూసున్నం."

రిత్విక్ పక్కన కూర్చున్నాడు. అందరిలా రెండు మాటలడిగి లేచి పోలేదు. వారం రోజులు వచ్చాడు. ఊళ్లో పడే వానలో చాలా భాగం ఒక్క రోజులోనే మోరీల్లో పడి ఊరు దాటిపోతోందనీ, దాన్ని పాత కాలువ దారినే చెరువుకు చేరిస్తే మధ్యలో కంకర, రెల్లు వేసి వడకట్టవచ్చనీ, ఆ నీళ్లు పార్కులకూ ఇళ్ల కట్టుబడికీ వాడుకుంటే తాగే నీళ్లు మిగులుతాయనీ, చుట్టూ బోర్లు ఊరతాయనీ కట్ట మీద పుల్లతో గీసి చూపించాడు. జానయ్యకు అందులో కొత్త సంగతేమీ కనిపించలేదు. తన తాత చేసిన పనే. కానీ చదువుకున్నవాడి నోట ఆ మాట వినడం మాత్రం కొత్త.

"మరి కాలువల ఇండ్లున్నయ్ గద సారూ. అవ్వి?"

"తీయాల్సి వస్తుంది తాతా. కానీ ఇల్లు పోయిన ప్రతి కుటుంబానికీ ముందు వేరేచోట ఇల్లిచ్చాకే తీయాలని రిపోర్టులో రాస్తున్నాం."

"రాస్తున్నరా?"

"రాస్తున్నాం."

"పెద్దోళ్లయి గూడ తీస్తరా? ఫంక్షన్ హాలు గిట్ల?"

"నీళ్లకు పెద్ద చిన్న ఏముంటుంది తాతా? లైన్‌లో ఉంటే లైన్‌లో ఉన్నట్టే."

జానయ్యకు చదువు రాదు. రాని మనిషికి రాత మీద ఉండే నమ్మకం వచ్చినవాడికి ఉండదు. రాశారంటే అయిపోయినట్టే అనుకున్నాడు. రాయడం వేరు, ఇవ్వడం వేరు అని ఆ పిల్లాడికి కూడా అప్పటికి తెలియదు.

"పాత కాలువ ఎక్కడుందో మీరు నడిచి చూపిస్తే నేను వెనకాలే వస్తూ దీంట్లో ఎక్కించుకుంటా" అన్నాడు రిత్విక్, ఫోన్ చూపించి.

"మిరుగు రానీ. వానపడ్డంక నడుస్త. గప్పుడే నడువాలె" అన్నాడు జానయ్య. పద్నాలుగేళ్లుగా ఆయన కాలువ నడవలేదు.

ఆ సంగతి తెలిసి హనుమమ్మ మూడు రోజులు మొగుడి వెంటపడింది. జొన్నరొట్టె కంచంలో వేస్తూ అదే మాట, గిన్నె తోముతూ అదే మాట.

"అన్నీ చూపియ్యి. ఎవ్వలు వద్దన్నరు? బిడ్డ ఇల్లు కాడికి వొచ్చినంక జర పక్క గల్లీలకు తిరుగు. ఇరువై అడుగులు. ఎవ్వడు చూసిండు?"

"నేను చూస్త గదనే."

"చూసినవ్ తియ్! కట్టుకో బిడ్డా అన్ననాడు కండ్లు యాడ పెట్టినవ్?"

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు.

"గా నాడు అబద్ధమాడిననే. గందుకే ఆ పిల్ల మునిగింది. ఇంకోపారి ఆడితె మల్ల మునుగుతది. నా బిడ్డ ఇల్లు దాటేసిన అంటె రామచంద్రయ్య నా హాలు గూడ దాటెయ్యమంటడు. గప్పుడేం మాట్లాడాలె? సారు రాస్తున్నడు, ముందుగాల ఇల్లు ఇస్తరట. మునిగే ఇల్లు పోయి మునగని ఇల్లు వస్తది. కాదా?"

"నువ్వు, నీ సారు" అని హనుమమ్మ కంచం తీసేసింది.

జూన్ రెండో వారంలో వాన పడింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి జానయ్య బోడగుట్ట కింద చెప్పులు విడిచి, పార భుజాన వేసుకున్నాడు. వెనక రిత్విక్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఫోన్‌లో జానయ్య ఒక ఎర్ర చుక్క. చుక్క కదిలితే వెనకాల గీత పడుతుంది.

కాలువ కంటికి కనిపించదు. కానీ జానయ్య ఎక్కడా తడుముకోలేదు. ఖాళీ ప్లాట్లలో తుంగ మొలిచిన దారి పట్టాడు. ఒక ఇంటి ప్రహరీ మీద ఒక దెబ్బ. ఇంకొకాయన కారు షెడ్డు మీద ఒక దెబ్బ. గోడలు దూకాడు. ఆ వయసులో ఆయన గోడ దూకుతుంటే జనం పోగయ్యారు. కొందరు వీడియో తీశారు. "తాతకు పిచ్చి లేసింది" అని ఒకామె, "పిచ్చి కాదు, సర్వే" అని ఇంకొకామె. జానయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. కాలువ నడిచేటప్పుడు ఆయన తండ్రి కూడా మాట్లాడేవాడు కాదు.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర రామచంద్రయ్యే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కబురు ముందే చేరింది.

"ఏందిరో జానిగా, పార పట్టుకొని నా పెండ్లిమండపం తవ్వనీకి వొచ్చినవా?"

"తవ్వ పటేలా. నడుస్త. దర్వాజ తియ్యిపియ్యి."

"నడువురా, నడువు. ఏసీ గూడ ఏపిస్త, చల్లగ నడువు" అని రామచంద్రయ్య పెద్దగా నవ్వి, పనివాడితో తలుపులు బార్లా తీయించాడు.

జానయ్య బురద కాళ్లతో ఆ నున్నటి గచ్చు మీద నడిచాడు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే వేదిక సరిగ్గా కాలువ కడుపులో ఉంది. దాని అంచు మీద ఒక దెబ్బ వేశాడు. చిన్న పెచ్చు లేచింది. రామచంద్రయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పాత రోజుల్లో పార దెబ్బ పడ్డాక ఎంత పెద్దవాడైనా నవ్వేవాడు కాదు, మొఖం మాడ్చుకుని మనుషుల్ని పిలిచి అడ్డం తీయించేవాడు. ఆ తేడా జానయ్య పట్టించుకోలేదు. తలుపు తీశాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాడు.

అక్కడి నుంచి మూడు ఇళ్లు దాటితే నాగరాణి ఇల్లు. ఆమె వాకిట్లో బట్టలు పిండుతోంది. పూజ బడికి పోయింది. తండ్రి వెనక ఉన్న గుంపును చూసి నాగరాణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

"నాయినా, పొద్దుగాల నుంచి నడుస్తున్నవట. చాయ తాగి పో" అంది.

రిత్విక్‌కు ఆ ఇల్లు ఎవరిదో తెలుసు. ముందుకొచ్చి మెల్లగా అన్నాడు: "తాతా, ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదని నేను లైన్ కొంచెం పక్కకు వేసుకోవచ్చు. మీరు గల్లీలోంచి రండి. ఎవరూ అడగరు."

"నీళ్లు జరుగుతయా సారూ, నువ్వు జరిపితే?"

జానయ్య ముందుకే నడిచాడు. పార భుజం మీద నుంచి దిగింది. పసుపు రాసి ఉన్న గడప మీద ఒక దెబ్బ పడింది. చెక్క చీలిన చప్పుడు చిన్నదే. గుంపులో ఎవరో ఫోన్‌తో ఫోటో తీశారు.

నాగరాణికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె అరవలేదు.

"ఆడివిల్ల గడప మీద పార ఏస్తవా నాయినా?"

జానయ్య ఆమె ముఖం చూడలేదు. చీలిన గడప దాటి ముందు గదిలోంచి నడిచి, అటువైపు తలుపు తీసుకుని అవతలికి దిగాడు. రిత్విక్ తల వంచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెంట నడిచాడు. చెరువు దాకా పోయాక ఫోన్‌లో చూస్తే గుట్ట నుంచి కట్ట వరకు ఎర్రగీత ఒక్కచోట కూడా తెగకుండా ఉంది.

"పర్ఫెక్ట్ తాతా" అన్నాడు రిత్విక్. గొంతులో సంబరం లేదు.

ఏడు నెలల తర్వాత మున్సిపల్ ఆఫీసులో మీటింగు పెట్టారు. జానయ్యను కూడా పిలిచి వెనక వరుసలో కూర్చోబెట్టారు. ముందు వరుసలో రామచంద్రయ్య. గోడ మీద తెరలో ఊరి పటం వేశారు. జానయ్య నడిచిన ఎర్రగీత దాని మీద మెరిసింది. ఆయన గుండె పొంగింది. ఆ ఒక్క నిమిషం.

తర్వాత దాని పక్కనే నీలి గీత వచ్చింది. ఎర్రది మొదటి ఆప్షన్ అట, నీలిది రెండోది. రెండు గీతలూ గుట్ట నుంచి కలిసే వచ్చాయి. ఫంక్షన్ హాలు దగ్గర నీలి గీత చటుక్కున పక్కకు తిరిగి, దేవరకొండ రోడ్డెక్కి, హాలు చుట్టూ పోయి, అవతల మళ్లీ ఎర్రగీతలో కలిసింది. అక్కడి నుంచి నాగరాణి ఇంటి మీదుగా తిన్నగా చెరువు దాకా.

ఫంక్షన్ హాలుకు అనుమతులున్నాయి, కోర్టు స్టే ఉంది, కాబట్టి రెండో ఆప్షన్ ఖాయం చేస్తున్నామని పెద్ద ఇంజినీరు చదివాడు. జానయ్య లేచి నిలబడ్డాడు.

"సారూ, రోడ్డు ఎత్తుల ఉన్నది. ఎత్తుకు నీళ్లెట్ల ఎక్కుతయ్?"

"పంపు పెడతాం."

"వాన నీళ్లకు పంపా?"

ముందు వరుసలో నవ్వులు. "జానిగా, కూసో. కాలం మారింది" అన్నాడు రామచంద్రయ్య, వెనక్కి తిరక్కుండానే.

జానయ్య కూర్చోలేదు. "సరే సారూ. మల్ల నా బిడ్డ ఇంటి కాడ గూడ గట్లనే వంగొచ్చు గద గీ నీలి గీత. ఆడెందుకు వంగలే?"

ఇంజినీరు కాగితాలు తిప్పాడు. "అక్కడ నోటరీ కాగితాలే ఉన్నాయి పెద్దాయనా. అది కాలువ భూమి, ఆక్రమణ. ఆధారం కూడా ఉంది కదా, నువ్వే చూపించావు." తెర మీద ఒక ఫోటో వేశాడు. పసుపు గడప మీద దిగిన పార, దాని వెనక జానయ్య బురద కాళ్లు. కింద ఏదో రాసి ఉంది.

"ఏం రాసిన్రు?" అని పక్కనున్నాయన్ని అడిగాడు జానయ్య.

"క్షేత్ర సాక్షి, నీరటి జానయ్య అని."

రిత్విక్ కంప్యూటర్ ముందు కూర్చుని తల ఎత్తలేదు. బయటికొచ్చాక ఒక్క మాట చెప్పాడు: "నేను ఎర్రగీతే ఇచ్చాను తాతా. ఇల్లిచ్చాకే తీయాలని కూడా రాశాను. పేజీలు మార్చారు." అతనికి కన్నీళ్లొచ్చాయో, ఎండ పడిందో. రెండు నెలలకు అతన్ని ఇంకో పట్నం పనిమీద పంపారట. తర్వాత కొండ్రేములలో ఎవరికీ కనిపించలేదు.

జానయ్యకు అప్పుడు తెలిసింది. ఆయన పార దెబ్బ ఎవరికి తగలాలో వాళ్లు తర్వాత కూర్చుని తేల్చుకున్నారు. వేసింది అందరి మీదా. తగిలింది కాగితం లేనివాళ్లకు.

ఎండలు ముదరకముందే జేసీబీ వచ్చింది. నోటీసు ముందే అంటించారు. ఇల్లివ్వడానికి పేరు జాబితాలో ఎక్కించామన్నారు, జాబితా పైకి పంపామన్నారు. ముందు గది, గడప, వాకిలి పోయాయి. వెనక గది గీతకు బయట పడింది కాబట్టి మిగిల్చారు. కూలిన వైపు మల్లేశ్ నీలం టార్పాలిన్ కట్టాడు. వేరే కిరాయి ఇల్లు దొరకక అందులోనే ఉన్నారు. మరో ఎనిమిది కుటుంబాలు ఎటు పోయాయో అటు పోయాయి.

జానయ్య ఆ రోజు అక్కడే నిలబడ్డాడు. సామాన్లు మోశాడు. నాగరాణి ఆయన చేతిలోంచి బియ్యం బస్తా లాక్కుని తనే మోసుకుంది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడలేదు. హనుమమ్మ పొద్దునే బిడ్డ దగ్గరికి పోయేది, మాపటికి వచ్చేది. ఆమె కూడా మొగుడితో అవసరమైనంతే మాట్లాడేది, అన్నం తిన్నవా, తలుపు పెట్టు, అంతే. మల్లేశ్ మాత్రం చాయ హోటల్ దగ్గర పలకరించేవాడు.

"నీ చెరువు నిండితే నా ట్యాంకర్ బందైతదని భయపడ్డ మామా. ఆ ఫికర్ లేకుంట చేసిన్రు."

అల్లుడు తనను తిట్టినా బాగుండేదనిపించేది జానయ్యకు.

కొత్త కాలువ కట్టారు. నాగరాణి ముందు గది ఉన్నచోట ఇప్పుడు నున్నటి కాంక్రీటు లోయ. పిల్లలు పడతారని దాని గోడలను నేల కంటే రొమ్మెత్తు పైకి లేపారు. బయటి నీళ్లు లోపలికి పోవాలంటే ఆ గోడ దూకాలి. రోడ్డు మలుపు దగ్గర పంపు కోసం గది కట్టి, రంగు వేసి, తాళం పెట్టారు. లోపల పంపు లేదు. వస్తుంది అన్నారు. ఒక వానాకాలం అంతంతమాత్రంగా గడిచింది. శిలాఫలకం మీద దండ ఎండిపోయింది.

2024లో వానాకాలం చివర్లో ఒక ఆదివారం పొద్దుటి నుంచి కుండపోత. మధ్యాహ్నానికి గుట్ట మీది నీళ్లన్నీ కొత్త కాలువలో ఎర్రగా దిగాయి. మలుపు దాకా వచ్చాయి. రోడ్డెక్కలేక అక్కడ ఆగాయి, లేచాయి, గోడ మీద నుంచి పొర్లాయి. ఫంక్షన్ హాలుకు ఆ ఏడాదే ఎత్తు ప్రహరీ కట్టారు, దాన్ని రాసుకుంటూ పోయి గల్లీలో పడ్డాయి. జానయ్య కట్ట దగ్గర ఇంట్లో ఉండి ఆ హోరు విన్నాడు. ఎటు పోతున్నాయో చూడక్కర్లేదు. మూలనున్న గడ్డపార అందుకుని పరుగెత్తాడు.

ఆయన చేరేసరికి నాగరాణి గదిలో నీళ్లు నడుము దాటాయి. టార్పాలిన్ ఎప్పుడో కొట్టుకుపోయింది. గల్లీలోంచి నీళ్లు ఆ కూలిన వైపు నుంచే దూకి లోపలికొస్తున్నాయి. ఇంటి వెనక నేల కోసుకుపోయి పల్లమయ్యాక, పిల్ల పడుతుందని వెనక తలుపు ఊడదీసి ఇటుకలతో మూసుకున్నారు, కాబట్టి వచ్చినవి పోవడానికి దారి లేదు. పూజ అటక మీద సజ్జలో ముడుచుకుని కూర్చుంది. మల్లేశ్ ట్యాంకర్‌తో ఎక్కడో చిక్కుకున్నాడు. నాగరాణి తల మీద బియ్యం బస్తా పట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది.

పక్కన చేయి చాస్తే అందేంత దూరంలో కొత్త కాలువ ఉంది. దాని గోడకు ఇవతల నడుమెత్తు నీళ్లు. అవతల కాలువ అడుగు కనిపిస్తోంది, ఖాళీగా, వాన చినుకులు పడి తడిసి. జానయ్య ముందు ఆ గోడ మీద పడ్డాడు. గడ్డపారతో ఒకటి, రెండు, పది దెబ్బలు. కాంక్రీటు మీద తెల్ల మచ్చలు పడ్డాయి, అంతే. లోపలి ఇనుప కడ్డీలు గడ్డపారను వెనక్కి విసిరాయి. భుజం కీలు కలుక్కుమంది. ఈ పనిలో ఏ పిసినారితనమూ చేయలేదు, గోడ బలంగా కట్టారు.

ఆయన వెనక్కి తిరిగాడు. పల్లం వైపు ఉన్న ఇటుక గోడ కనిపించింది. బిడ్డకు మిగిలిన గది గోడ. దాన్ని పడగొడితే నీళ్లు పోతాయి. పడగొడితే గదికి రెండు వైపులా గోడ ఉండదు. గడ్డపార చేతిలో ఉంది కానీ చేయి లేవలేదు. ఈసారి ఆయన బిడ్డ ముఖం చూశాడు.

పూజ సజ్జలోంచి ఏడ్చింది. నాగరాణి తండ్రిని చూసింది, గోడను చూసింది. ఏడాదిన్నర తర్వాత మాట్లాడింది.

"కొట్టు నాయినా. ఏం చూస్తున్నవ్, కొట్టు."

జానయ్య కొట్టాడు. మట్టి సున్నంతో పెట్టిన ఇటుకలు, నాలుగు దెబ్బలకే కదిలాయి. కంత పడింది. నీళ్లు ఒక్కసారి సుడి తిరిగి అందులో దూరాయి. గిన్నెలు, పూజ బడి సంచి, ఒక చెప్పు వాటి వెంట కొట్టుకుపోయాయి. గదిలో నీళ్లు నడుము నుంచి తొడలకు దిగి, అక్కడ ఆగాయి.

జానయ్య కంతలోంచి తల బయటపెట్టి చూశాడు. నీళ్లు చెరువు వైపే పోయాయి, ఇరవై అడుగులు. అక్కడ కొత్తగా వేసిన వెంచర్ ప్రహరీ ఉంది, తెల్లగా, పొడుగ్గా, అటు చివరి నుంచి ఇటు చివరిదాకా. నీళ్లు దానికి తగిలి, తిరిగి ఇటే లేస్తున్నాయి.

"పోతున్నయా?" అని లోపలి నుంచి నాగరాణి అడిగింది.

"పోతలేవు బిడ్డా."

ఆమె బస్తాను తల మీద సర్దుకుంది. "ఇంకో రెండు ఇటుకలు తియ్" అంది.

జానయ్య తీశాడు.